దండ పడిన ఫోటో

జూబ్లీహిల్స్‌లో ప్రాప్‌చక్ర కంపెనీ ఆఫీసు గుమ్మం ఎదురుగా పెద్ద బోర్డు పెట్టారు. 'ఇక్కడ ఏదీ పారవేయబడదు' అని దాని మీద రాసుంది. ఆ తెలుగు ఎవరు రాసిచ్చారో గానీ, అక్షరాలు మాత్రం విప్పేసిన సినిమా సెట్ల చెక్కతో కోయించారట, ఆ ముచ్చట కూడా కిందే చెప్పుకున్నారు. శకుంతలమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. గోడల మీది సినిమా పోస్టర్లు చదువుతూ ఆ కాస్త చదువునూ ఇన్నేళ్ళు పోగొట్టుకోకుండా నిలుపుకుంది. ఇప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని బోర్డు చదివి, పక్కనున్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూసినవానే రష్మీ, పారెయ్యరంట. ఇంక ఫికర్ లేదు. బాపు ఫోటో గీడనే ఉంటది."

రష్మికి మాత్రం ఆ బోర్డు చూస్తే ఒళ్ళు మండింది. రేపు తండ్రి దినాలు. బోరబండలో వాళ్ళ కిరాయి ఇంటి ముందు టెంటు వేసేవాళ్ళు వచ్చే వేళ ఇది. వంటవాళ్ళకు సామాను అందించాలి, ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలకు చాపలు పరవాలి. అవన్నీ వదిలేసి, యూసుఫ్‌గూడలో తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో సెలవు పొడిగించుకుని, ఒక ఫోటో కోసం ఇలా ఊరంతా తిరగాల్సి వచ్చింది. ఆ ఫోటో లేకపోతే రేపు దండ వేయడానికి, దీపం పెట్టడానికి తండ్రి ముఖమంటూ ఒకటి లేదు. విన్నవాళ్ళు నమ్మరు. ఈ ఫోన్ల కాలంలో మనిషికి ఒక్క ఫోటో లేకపోవడమేమిటి అంటారు.

ఫోటోలకేం, బోలెడున్నాయి. బాలనర్సయ్య జూనియర్ ఆర్టిస్టు కదా! పొద్దున్నే కృష్ణానగర్ చౌరస్తాలో నిలబడి, వచ్చిన బండెక్కి, ఇచ్చిన వేషం కట్టి రావడం ఆయన బతుకు. కూతురి ఫోను నిండా ఆయనే ఉన్నాడు. కానిస్టేబులు టోపీలో ఉన్నాడు, పూజారి పిలకతో ఉన్నాడు, పెళ్ళిపందిట్లో అతికించిన తెల్లమీసంతో ఉన్నాడు. తీరా వెతికితే ఒక్కదాంట్లోనూ ఆయన ఆయనలా లేడు. ఇంట్లో శుభకార్యాలకు కూడా షూటింగు నుంచి సరాసరి మేకప్ మొహంతోనే వచ్చి వరుసలో నిలబడేవాడు. ఇక ఆధార్ కార్డు ఫోటో సంగతి ఎత్తకపోవడమే మేలు. "దొంగ వేషం గావాలంటే గీ కార్డు వట్టుకపోతే చాలు, ఇంక మేకప్ ఎందుకు" అని ఆయనే నవ్వేవాడు.

ఆయన పోవడం కూడా ఆ చౌరస్తాలోనే పోయాడు. బండి కోసం చూస్తూ చూస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. తెరమీద ఆయన చచ్చిపడిన సందర్భాలు కోకొల్లలు కదా, పక్కనున్నవాళ్ళు రిహార్సల్ అనుకుని నవ్వారట. "బాగుంది నర్సన్నా, ఇంక లే" అన్నారట.

ఆయన తనలా ఉన్న ఫోటో ఒకే ఒక్కటి. పెళ్ళైన కొత్తలో, హీరో అయిపోదామని ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో, యూసుఫ్‌గూడ స్టూడియోలో తీయించుకున్నది. లేత నీలం చొక్కా, సొంత జుట్టు, సొంత నవ్వు. నిజానికి అది ఇద్దరి ఫోటో. పెద్దది చేయించేటప్పుడు శకుంతలమ్మను కత్తిరించేశారు గానీ, ఆయన భుజం మీద ఆమె వేసిన చెయ్యి పూర్తిగా పోలేదు. ఉంగరమున్న వేలు, దాని పక్కవేలు మిగిలిపోయాయి. "నన్ను తీసేసినా నా వేళ్ళు నిన్ను ఇడువలే" అని ఆమె ఎన్నిసార్లు అనేదో! ఆ స్టూడియో మూతపడి ఇప్పుడక్కడ ఫోన్లు రిపేరు చేస్తున్నారు. నెగెటివ్ ఏ చెత్తలో కలిసిందో ఎవరికీ తెలియదు.

అంత అపురూపమైన ఫోటో ఇల్లు ఎలా దాటిందంటే, అదీ ఆయన మంచితనమే. సూర్యప్రకాశరావు గారని, సినిమా సెట్లకు కుర్చీలు, గడియారాలు, పటాలు అద్దెకిచ్చే పెద్దమనిషి. ఆయనకు ఒక సినిమా కోసం హీరో చనిపోయిన తండ్రి ఫోటో కావాల్సి వచ్చింది. బతికున్నవాడు తన ఫోటోకి దండ వేయించుకుంటాడా? అడిగిన ప్రతివాడూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నేను నిలువునా సస్తెనే ఏం గాలే, ఫోటో చస్తే ఏమైతది సార్" అని బాలనర్సయ్య గోడమీది పటం తీసి ఇచ్చేశాడు. శకుంతలమ్మ లబలబలాడింది. ఆమెకు ధైర్యం చెప్పడానికి ఆయన సినిమావాళ్ళ ఆనవాయితీ గుర్తు చేశాడు. చచ్చిన వేషం వేసినవాణ్ణి షాటు కాగానే లేపి, నవ్వించి, నవ్వుతుండగా ఒక స్టిల్ తీస్తారు. దాంతో కీడు పోతుంది. దండేసిన ఫోటోకైతే, ఫోటోలో ఉన్న మనిషే వచ్చి తన చేత్తో దండ తీసేసి నవ్వాలి. సినిమావాళ్ళు ఏది మరిచినా ఇది మరువరు.

ఆ రోజు మరిచారు. ఆయన వేరే షూటింగులో కానిస్టేబులై శంషాబాద్ అవతల ఎండలో నిలబడి ఉన్నాడు. ఇక్కడ షాటు అయిపోగానే ఎవడో దండ లాగేసి పటాన్ని వ్యానులో పడేశాడు. నవ్వినవాడు లేడు. అది తెలిసిన నాటి నుంచి శకుంతలమ్మ గుండెలో దిగులు పడింది.

ఆ తర్వాత సూర్యప్రకాశరావు గారు వయసు మీదపడి తన గోదామంతా ఈ ప్రాప్‌చక్ర కంపెనీకి అప్పజెప్పేశారు. కంపెనీ ప్రతి వస్తువుకూ ఒక స్టిక్కరు అంటించింది. ఫోను దాని ముందు పెడితే చాలు, ఎక్కడ పుట్టింది, ఏ సెట్టుకు వెళ్ళింది, ఎప్పుడు మరమ్మతైంది, జాతకమంతా చెప్పేస్తుంది. ఒక సెట్టులో పని అయిపోయిన వస్తువు ఇంకో సెట్టుకు పోతుంది, అక్కడి నుంచి మరో సెట్టుకు. ఇదివరకు షూటింగు అయిందంటే ప్లైవుడ్డు, థర్మోకోలు గుట్టల పక్కన కుప్పపోసి తగలబెట్టేవాళ్ళు. ఆ పొగ పీల్చినవాళ్ళెవరూ ఈ కంపెనీని తప్పు పట్టరు. మంచి పనే, కాదనలేం.

అలా ఆ ఫోటో సీరియళ్ళ బాట పట్టింది. ఒకింట్లో మామగారు, ఇంకో ఇంట్లో జమీందారు. "నాకంటె నా ఫోటోకే ఎక్కువ వేషాలొస్తున్నయ్" అని బాలనర్సయ్య టీవీ ముందు కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. శకుంతలమ్మ టీవీ కట్టేసి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, సూర్యప్రకాశరావు గారికి ఫోన్ చేసి ఏడ్చేది. బతికున్నోళ్ళ ఫోటోలకు దండలేసుడేంది సార్, గా పాపం మీకెందుకు, ఆపించుండ్రి అని బతిమాలేది. ఆయన సరేనమ్మా సరేనమ్మా అనేవారు.

ఒక మధ్యాహ్నం కంపెనీ మనిషి ఆ పటం పట్టుకుని బోరబండ ఇంటికే వచ్చాడు. ఇది మీ సొంత వస్తువట, తిరిగి తీసుకుంటారా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. దండ పడిన ఫోటో, నవ్వి కీడు తీయని ఫోటో, గడప దాటి లోపలికొస్తే ఆ మనిషిని తీసుకుపోతుందని ఆమె నమ్మకం. కొంగు అడ్డం పెట్టుకుని వద్దంటే వద్దంది. అయితే ఇక్కడ నొక్కండి, ఇది ఇక కంపెనీదే అవుతుంది అని ఫోను ముందుకు చాపాడు. ఆమె నొక్కేసింది. మొగుడి ప్రాణం కాపాడుకున్నానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు ఆ ఫోటో కోసమే ఈ మెత్తటి సోఫాలో ముడుచుకుని కూర్చుంది.

నిహారిక అని ఒక అమ్మాయి వచ్చింది. రాజమండ్రి పిల్ల, మాట మెత్తన. సంగతంతా విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. "అయ్యో ఆంటీ, ముందే ఫోన్ చేస్తే నేనే వెతికి ఉంచేదాన్ని కదండీ" అని ల్యాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పింది. "చూడండి, టేకు ఫ్రేము, ఎడమ మూల కాస్త చెక్కు లేచింది. ఇదేనా?"

ఇదే. నీలం చొక్కా కనిపిస్తోంది. భుజం మీద వేళ్ళు కనిపిస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తడి గుడ్డతో తుడిచేసినట్టు మసకగా ఉంది.

"గవి నా వేళ్ళే బిడ్డా!" శకుంతలమ్మ తెర మీద వేలు పెట్టింది. "మరి మొఖమేది?"

"ప్రైవసీ ఆంటీ. మనుషుల ముఖాలుంటే సిస్టమే మసక చేసేస్తుంది. మేమేం చేయలేం."

రష్మి నిట్టూర్చింది. నిన్నంతా ఆమె పాత సీరియళ్ళు వెతుక్కుంటూ కూర్చుంది. దొరికిన చోటల్లా హీరోయిన్ తల అడ్డం, లేకపోతే అగరొత్తుల పొగ. ఒక దాంట్లో గడ్డం మాత్రం కనిపించింది.

"ఇప్పుడెక్కడుంది అది?" అంది.

నిహారిక ఏదో నొక్కింది. తెరమీద హైదరాబాద్ మ్యాపు వచ్చింది. ఫిల్మ్‌నగర్ మీద పచ్చచుక్క ఒకటి వెలిగి ఆరుతోంది. "ఇక్కడే, పక్కనే! ఒక ఇంట్లో షూటింగ్ జరుగుతోంది. సాయంత్రం దాకా బుకింగ్ ఉంది గానీ నేను వాళ్ళతో మాట్లాడతాను, మీరు వెళ్ళండి. ఆంటీ, మీ నంబరు ఇదేనా? మీ పేరు మీద రిక్వెస్ట్ పెడుతున్నాను. ఏం జరిగినా మీకు మెసేజ్ వస్తుంది."

"అమ్మకి ఇంగ్లీషు రాదండి. తెలుగులో వచ్చేటట్టు ఉంటదా?" రష్మి అడిగింది. అడక్కపోయుంటే బాగుండేది.

"ఎందుకుండదూ, ఇదిగో మార్చేశాను. ఇక అన్నీ ఆంటీకి తెలుగులోనే వస్తాయి." ఆ పిల్ల సంతోషంగా చెప్పింది.

ఆటోలో శకుంతలమ్మ ముఖం ఎన్ని రోజులకో తేటపడింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చెట్ల కిందుగా, ఎత్తు గోడల పక్కగా ఆటో ఎక్కుతుంటే మొగుడి ముచ్చట్లు చెప్పుకొచ్చింది. "పోయే ముందటి ఐతారం సూడు, గంత పెద్ద కొర్రమీను తెచ్చిండు. ముగ్గురికి గింత చేపెందుకయ్యా, పైసలెక్కువైనయా అని ఒర్లిన. తినే బిడ్డ తింటది, నువ్వు వండు అన్నడు. కడుపునిండ తిన్నడు గదనే ఆ రోజు?"

"తిన్నడమ్మా. రెండోసారి పులుసు వేయించుకున్నడు."

"ఆయన్ని తిట్టకుంటే మంచిగుండు." ఆమె మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుంది.

షూటింగు జరుగుతున్న ఇల్లు ఎత్తు మీద ఉంది. గేటు దగ్గరే సూర్యప్రకాశరావు గారు కుర్చీలో కనిపించారు. గోదాము ఇచ్చేసినా ఆయనకు సెట్టు వాసన లేనిదే పొద్దుపోదు. కంపెనీ తరఫున సలహాదారుడని పేరు. శకుంతలమ్మను చూడగానే లేచి నిలబడ్డారు. "అమ్మా, విషయం తెలిసిందమ్మా. బంగారం లాంటి మనిషి. ఏం చెప్పమంటారు" అని చేతులు జోడించారు. ఫోటో సంగతి రష్మి చెప్పబోతుండగా లోపల ఎవరో సైలెన్స్ అని అరిచారు. అందరూ ఉన్నచోటనే ఆగిపోయారు.

తెర సందులోంచి హాలు కనిపిస్తోంది. గోడకు పటం. ఎడమ మూల చెక్కు లేచిన ఆ ఫ్రేమే. నిండుగా మల్లెదండ, కింద దీపం. అద్దం మీద లైటు పడి లోపలి ముఖం మెరిసిపోతోంది తప్ప కనిపించడం లేదు. పటం ముందు హీరోయిన్ "నాన్నా, నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్ళిపోయావా" అని ఏడుస్తోంది. డైరెక్టరుకు ఆ ఏడుపు నచ్చలేదు. 'మళ్ళీ' అన్నాడు. ఆమె కళ్ళలో ఏదో మందు వేయించుకుని మళ్ళీ ఏడ్చింది. ఈ తెర వెనక శకుంతలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఒక అసిస్టెంటు దగ్గరికొచ్చి, సౌండు లోపలికొస్తోందమ్మా, కాస్త ఆపుకోండి అని చెవిలో చెప్పాడు. పాపం ఆమె తలూపింది. గొంతులో ఎక్కిళ్ళు వస్తుంటే ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

షాటు ఓకే అయింది. లైట్లు ఆరిపోయాయి. తల్లీకూతుళ్ళు పటం దగ్గరికి నడిచారు.

ఆయన కాదు. నిండు బుగ్గలతో, బంగారు అంచు కళ్ళద్దాలతో ఎవరో పెద్దమనిషి హుందాగా నవ్వుతున్నాడు. భుజం మీద వేళ్ళు లేవు.

"ఇదెవలు?" శకుంతలమ్మ అడిగింది. "సార్, ఇదెవలు? గీ ఫ్రేముల మా ఆయన ఉండాలె గద?"

సూర్యప్రకాశరావు గారి ముఖం పాలిపోయింది. "ఈయన ఎవరూ కాదమ్మా. కంప్యూటరు పుట్టించిన మొహం. ఈ భూమ్మీద పుట్టిన మనిషే కాదు. అందుకే ఎంత దండేసినా ఎవరికీ అరిష్టం లేదు. ఇప్పుడంతా ఇలాంటివే వాడుతున్నారు."

"మరి ఆయన?"

"మీరు ఫోన్ చేసి ఏడ్చినప్పుడల్లా నాకూ మనసు పీకేదమ్మా. కంపెనీవాళ్ళతో పోట్లాడి ఒప్పించాను. బతికున్నవాళ్ళ ఫోటోలు ఒక్కటి కూడా ఫ్రేముల్లో ఉండడానికి వీల్లేదన్నాను. పాపం వెంటనే విన్నారు. అన్నీ తీయించేశారు." ఆయన పటం వైపు చూశారు. "తీసినవి ఏం చేశారో నేను అడగలేదమ్మా. స్టిక్కరు ఫ్రేముది. చెక్క తిరిగి వాడతారు కదా. లోపలి కాగితానికి స్టిక్కరు ఉండదు."

ఆమె అడిగిందే చేశారు. ఎవరిని ఏమనాలి? రష్మికి అరవాలనిపించింది గానీ ఎదురుగా ఉన్నవాళ్ళలో తిట్టదగ్గ మనిషి ఒక్కడూ కనిపించలేదు. శకుంతలమ్మ దండ కాస్త పక్కకు జరిపి, ఆ పుట్టనివాడి భుజం మీద వేలితో రాసి చూసింది. కింద ఇంకో కాగితం ఉందేమోనని కాబోలు.

రష్మి పక్కకు వెళ్ళి నిహారికకు ఫోన్ చేసింది. ఆ పిల్ల అయ్యో అయ్యో అంటూనే వెతికింది. వెతికితే దొరకనిది ఆ కంపెనీలో ఏదీ లేదు, అదే కదా వాళ్ళ గొప్ప. "దొరికిందండీ! కాగితాలన్నీ కలిపి ఒక బ్యాచ్‌గా వెళ్ళాయి. ఫోటో కాగితం మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది కదా, గుజ్జు కింద పనికిరాదట. అందుకని సిమెంటు బట్టీకి ఇంధనంగా పంపించారు. మీకు స్క్రీన్‌షాట్ పెడుతున్నాను, ఒక్కసారి చూడండి." ఓదార్చాలనే అన్నది. "ఏదీ వృథా కాలేదండీ."

స్క్రీన్‌షాట్ వచ్చింది. గోదాము, లారీ, బట్టీ, వరుసగా తేదీలు. చివర పచ్చటి టిక్కు, దాని పక్కన చిన్న ఆకు బొమ్మ. ఆఖరి తేదీ మీద రష్మి కళ్ళు ఆగిపోయాయి. పదహారో తేదీ, ఆదివారం. తండ్రి పోయింది ఆ వచ్చిన మంగళవారం.

కొర్రమీను తెచ్చిన ఆదివారం అది. ఇంట్లో పులుసు ఉడుకుతుంటే, ఎక్కడో బట్టీలో ఆయన ఫోటో కాలింది. రష్మికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. గుండెపోటుకు రక్తంలో ఏమేం కారణాలుంటాయో రోజూ రిపోర్టుల్లో చూసే పిల్ల. కానీ అమ్మకో? బతికున్న మనిషి ఫోటో చేయిజారి పడితేనే దేవుడి ముందు దీపం పెట్టే మనిషి. ఫోటో కాలింది, ఆ వెనకే మనిషి పోయాడు, ఆ ఫోటోను గడప దగ్గర కాదని పంపింది తనే అని తెలిస్తే ఇంక బతికినన్నాళ్ళూ తన చెయ్యి తనే నరుక్కోవాలని చూస్తుంది.

"ఏమన్నదే ఆ పిల్ల?" శకుంతలమ్మ వచ్చి వెనక నిలబడింది.

"లేదమ్మా. కాలిపోయిందంట."

"కాలిపోయిందా?" ఆమె గోడకు ఆనుకుంది. "ఎన్నడు?"

రష్మి ఫోను బ్యాగులో పెట్టేసింది. "బాపు పోయినంకనే. బుధవారం."

శకుంతలమ్మ గోడమీది పటం వైపు ఒకసారి తిరిగి చూసింది. తర్వాత మెల్లగా కళ్ళు తుడుచుకుంది. "అట్లనా. అయితే ఆయన ఎంబడే పోయింది. ఆయన ముందు, ఫోటో ఎనక." ఆమె గొంతులో ఏదో కుదుటపడింది. "నా వేళ్ళు గూడ ఆయనతోనే పోయినయ్. పోనీ తియ్. మంచిగనే ఐంది."

రష్మికి ఏడుపు పొంగుకొచ్చింది. అబద్ధం అంత చక్కగా అతుకుతుందని ఆమె అనుకోలేదు.

ఇంటికి చేరగానే ఆమె చేసిన మొదటి పని నిహారికకు మళ్ళీ ఫోన్ చేయడం. అమ్మ నంబరుకు ఏ మెసేజూ పంపకండి, జర దయచేసి ఆపండి అని బతిమాలింది. నిహారికకు సంగతి అర్థమైంది. "అయ్యో, రిక్వెస్ట్ ముగియగానే అదే వెళ్తుందండీ. మా చేతుల్లో లేదు. వస్తువు ఏమైందో అడిగినవాళ్ళకు కచ్చితంగా తెలియాలనేది మా రూలు. పైవాళ్ళకి మెయిల్ పెడతాను, చూస్తారేమో." రష్మి తల్లి ఫోను తీసుకుని ఆ కంపెనీ నంబరును బ్లాక్ చేసింది. పాత మెసేజులు చెరిపేసింది. ఫోను తన నడుము దగ్గరే దోపుకుని తిరిగింది.

మర్నాడు టెంటు కింద కుర్చీ వేసి, దాని మీద ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించి పెట్టారు. దొంగ వేషం ఫోటోకే దండ పడింది. వచ్చినవాళ్ళు దాని వంక ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంటున్నారు. శకుంతలమ్మకు మాత్రం ఆ సిగ్గు లేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ, ఆయనతో వేషాలు కట్టిన ప్రతి ఆర్టిస్టుకూ అదే కథ చెబుతోంది. మంచి ఫోటో ఉండె, ఆయన ఎంబడే పోయింది, నన్ను ఇడిశినా నా వేళ్ళను తీస్కపోయిండు అని. వినేవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటున్నారు. పెద్ద అత్త అయితే, ఎంత అదృష్టవంతురాలివే అని ఆమెను దగ్గరికి తీసుకుంది. రష్మి ఆ మాట విన్నప్పుడల్లా నడుము దగ్గరి ఫోను తడిమి చూసుకుంటోంది.

భోజనాల దగ్గర ఉండగా తల్లి ఫోను మోగింది. సూర్యప్రకాశరావు గారు. రాలేకపోయానమ్మా, మోకాళ్ళు సహకరించలేదు, శకుంతలమ్మకి ఒకసారి ఇవ్వండి అన్నారు. ఇవ్వక ఏం చేస్తుంది? పెద్దాయన. ఫోను తల్లి చేతికిచ్చి, మాట అయిపోగానే తీసుకుందామని పక్కనే నిలబడింది. ఇంతలో వంటాయన సాంబారు అయిపోయిందని పిలిచాడు. వెళ్ళి, గిన్నె చూసి, గబగబా వెనక్కి వచ్చింది. అంతే. అంత మాత్రం సేపే.

తల్లి చెవి దగ్గరి నుంచి ఫోను దించేసింది. కళ్ళద్దాలు సర్దుకుని దాన్ని దూరంగా పట్టుకుని చూస్తోంది. వేరే నంబరు నుంచి, పచ్చ ఆకు బొమ్మతో మెసేజు వచ్చి ఉంది.

"తెలుగులనే వచ్చిందే" అంది పెద్ద అత్తతో, కాస్త గర్వంగానే. వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది. "ప్రి-య-మైన శకుంతలమ్మ గారు. మీ వి-లు-వైన వస్తువు తన జీ-విత చక్రాన్ని వి-జయ-వంతంగా పూర్తి చేసుకుంది."

"అమ్మా, ఫోన్ గిటియ్. నేను సదువుతా." రష్మి చెయ్యి చాపింది.

"ఉండవే, వస్తది గద నాకు." ఆమె ఫోను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. "పదహారవ తేదీ, ఆ-ది-వారం నాడు, సి-మెంటు బట్టీలో..."

టెంటు కింద చుట్టాలు వింటున్నారు. శకుంతలమ్మ ఆ ముక్క మీద వేలు అట్లాగే ఉంచింది. మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది, ఈసారి పెదవులు కదిలాయి తప్ప చప్పుడు రాలేదు. తర్వాత కూతురి ముఖంలోకి చూసింది. రష్మి చూపు దించేసుకుంది.

"ఐతారం" అంది శకుంతలమ్మ. "చేపలు తెచ్చిన ఐతారం గదనే ఇది? ఆ రోజు మీ బాపు ఇంట్లనే ఉండె గద."

పెద్ద అత్త చెయ్యి ఆమె భుజం మీది నుంచి మెల్లగా జారిపోయింది. శకుంతలమ్మ మళ్ళీ ఫోను వైపు తిరిగింది. మెసేజు కింద ఇంకో వరుస ఉంది. దాన్నీ చదివింది. మీ అనుభవం ఎలా ఉంది, సంతృప్తి, అసంతృప్తి, ఒకటి నొక్కండి అని.

ఆమె వేలు ఆ రెంటి మీదా గాల్లో నిలబడిపోయింది.

"రష్మీ" అంది. "పోయినసారి తెల్వక నొక్కిన బిడ్డా. ఈసారి ఏది నొక్కాలె? నువ్వు జెప్పు."